ఫ్లష్ కట్టర్

ఫ్లష్ కట్టర్ సోల్డరింగ్ పిదప సర్క్యూట్ బోర్డు అడుగున మిగిలే రెసిస్టరు, కెపాసిటరు మొదలగు విడిభాగముల తీగలను (లీడ్లను) కత్తిరించు చేతి పరికరము. హైదరాబాదులో ఇవి కోఠీ ప్రాంతపు గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణములలో లభిస్తాయి.

ఎంపిక

సాధారణ సైడ్ కట్టర్ అంచులు రెండువైపులా ఏటవాలుగా ఉండుటచే తీగను నొక్కి తెంచి, మొనదేలిన కొసను మిగులుస్తాయి. ఆ కుదుపునకు అతుకు బీటలు వారవచ్చును. ఫ్లష్ కట్టర్ అంచు ఒకవైపు చదునుగా ఉంటుంది గనుక కొస సమతలముగా తెగుతుంది, కుదుపు తక్కువ. అంచులను మూసి వెలుతురునకు ఎదురుగా పట్టినపుడు సందు కనిపించనిది మేలైనది.

వాడకము

దీనితో మెత్తని రాగి తీగలనే కత్తిరించవలెను. ఉక్కు తీగను కోసినచో అంచు నొక్కులు పడుతుంది. చదును వైపును బోర్డు వైపునకు ఉంచి, టంకమునకు తగలకుండ తీగను మాత్రమే కోయవలెను. టంకము తెగినచో మరల వేడిచేసి అతకవలెను. ఎగిరే తునకల నుండి రక్షణకు కళ్ళద్దాలు ధరించవలెను; బోర్డుపై పడిన తునకలు షార్ట్ సర్క్యూట్ కలిగించును గనుక వాటిని ఏరివేయవలెను.