దస్త్రాలలో వినిపించని గొంతులు

ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనకు దస్త్రమంటే ఏమిటో ఒకరు చెప్పనవసరం లేదు. రైతు వచ్చి అరగంటసేపు తన గోడు వెళ్ళబోసుకుంటాడు. కాగితం మీదికి వచ్చేసరికి అది "అర్జీదారు తెలియజేసుకొనునదేమనగా" అంటూ నాలుగు పంక్తులవుతుంది. ఆ పంక్తులలో తప్పేమీ ఉండకపోవచ్చు. రైతు గొంతు మాత్రం ఉండదు. ఆ గొంతును అదే దస్త్రంలో వెతికి పట్టుకోవచ్చునని చూపిన చరిత్రకారుడు రణజిత్ గుహ.

ఆయన 1923 మే 23న అవిభక్త బెంగాల్‌లోని బాకర్‌గంజ్ జిల్లాలో జన్మించారు. కలకత్తాలో చదువుకునే రోజులలో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. 1956లో హంగరీపై సోవియట్ సైనిక చర్య తరువాత పార్టీని వీడారు. 1959లో ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ ససెక్స్ విశ్వవిద్యాలయంలోను, తరువాత ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలోను పనిచేశారు. నూరేళ్ళు నిండడానికి నెల కూడా లేదనగా, 2023 ఏప్రిల్ 28న ఆస్ట్రియాలో కన్నుమూశారు.

1982లో ఆయన సంపాదకత్వాన 'సబాల్టర్న్ స్టడీస్' సంపుటాలు మొదలయ్యాయి. సబాల్టర్న్ అంటే అధికారానికి లోబడి బతికే అట్టడుగు జనం. పెద్ద నాయకులు పిలిస్తేనే సామాన్యులు కదిలారన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. వారికి తమవైన ఆలోచన, తమవైన రాజకీయం ఉన్నాయన్నారు. మొదటి సంపుటంలోనే మన గూడెం-రంప తిరుగుబాట్లపై డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం ఉంది. అల్లూరి సీతారామరాజుగారిని మనమందరం ఎరుగుదుం. 1922-24 నాటి ఆ పోరాటానికి ముందు 1839 నుంచీ మన్యంవారు ఎన్నోసార్లు తిరగబడ్డారు. 1879లో రంప భగ్గుమనడానికి కల్లుపై వేసిన పన్ను ఒక ముఖ్య కారణం.

తెల్లదొరల ఉత్తరాలను గుహ మాట మాటా పట్టి చదివారు. తిరుగుబాటు కార్చిచ్చులా వ్యాపించిందనో, తుపానులా విరుచుకుపడిందనో రాయడం వారికి అలవాటు. కార్చిచ్చుకు ఆలోచన ఉండదు గదా! రైతు అలా కాదు. అర్జీలు పెట్టుకుని, పెద్దలతో మొరపెట్టించి, ఇక దారి లేదనుకున్నాకే తెగిస్తాడు. ప్రాణం పోతుందని తెలిసే తెగిస్తాడు. 1983లో వెలువడిన ఆయన గ్రంథానికి ఇదే ప్రాణం.

మరొక వ్యాసం 1987 నాటిది. 1849 ప్రాంతంలో బెంగాల్‌లోని ఒక పల్లెలో చంద్ర అనే బాగ్దీ కులపు వితంతువు గర్భస్రావానికి వేసుకున్న మందు వికటించి చనిపోయింది. మిగిలినవి కొద్దిపాటి వాంగ్మూలాలే. కోర్టు దృష్టిలో అది హత్య, మందిచ్చిన అక్కచెల్లెలు ముద్దాయి. గుహ ఆ కాగితాలనే మళ్ళీ చదివి, వెలివేత భయంలో ఉన్న ఆడపడుచును కాపాడుకోవాలని ఇంటి ఆడవాళ్ళు పడిన తపనను చూపారు. కాగితం మారలేదు. చదివే తీరు మారింది.

చరిత్ర బోధన కూడా ఇలాగే ఉంటే బాగుంటుంది. తేదీలు వల్లె వేయించే బదులు పిల్లల చేతికి ఒక పాత కాగితమిచ్చి మూడు ప్రశ్నలు అడగాలి. దీన్ని ఎవరు రాశారు? ఎవరికోసం రాశారు? ఇందులో ఎవరి మాట లేదు? అడంగల్‌లో పట్టాదారు పేరుంటుంది, పంట పేరుంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఆ మడిలో నాట్లు వేసిన ఆడకూలీల పేర్లు ఉండవు. ఈ సంగతి ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడ మన పని ఒకటుంది. పాత కాగితాలలోని గొలుసుకట్టు రాత చదవగలిగినవారు, ఫసలీ లెక్కలు తెలిసినవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. మన సంఘంలో అటువంటివారు ఇంకా ఉన్నారు. నెలకొక పూట దగ్గరలోని పాఠశాలకు వెళ్ళి, మాస్టారి అనుమతితో పిల్లల పక్కన కూర్చుని ఒక్క కాగితం చదివించగలిగితే చాలు. దస్త్రంలో ఏమి రాస్తారో, ఏమి వదిలేస్తారో మనకంటే బాగా తెలిసినవారెవరు?