మా మామయ్యగారి ఫ్రీజరూ, దాని గ్యాసూ

మొన్న ఏప్రిల్‌లో, సరిగ్గా ఎండలు ముదిరిన వారంలో, మా కొట్లో డీప్ ఫ్రీజర్ మొరాయించింది. టక్‌మని ఒక చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టక్. లోపల పదిహేను వేల రూపాయల ఐస్‌క్రీములు. చిన్న ఊళ్ళో చిన్న కొట్టు మాది. ఎండాకాలంలో ఆ పెట్టె సంపాదించిందే జూన్‌లో పిల్లల ఫీజులకి.

అది 1994లో మా మామయ్యగారు కొన్నది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. దానికి చేయించిన ప్రతి రిపేరూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టేవారు. మెకానిక్ వచ్చేలోపు ఆ పుస్తకం తీసి తిరగేస్తూ కూర్చున్నాను. 2011 మే నెల దగ్గర ఒక్క లైను: "గ్యాస్ లీకు. కంప్రెసర్ మార్పు." పక్కన ఖర్చు. ఎందుకు లీకయిందో మాత్రం రాయలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఆ పని చేసింది నేనే. అప్పటికి పెళ్ళయి ఏడాది. లోపల మంచు పేరుకుపోయి మూత సరిగ్గా పడటం లేదని అట్లకాడ తెచ్చి టకటకా పొడిచాను. ఉస్స్‌మని గాలి పోయిన శబ్దం వచ్చింది. ఆ మంచు వెనకాల, పల్చటి గోడకి అవతల గ్యాస్ గొట్టాలుంటాయని నాకేం తెలుసు! అప్పుడొచ్చిన మెకానిక్ చిల్లు పూడ్చి, "ఈ గ్యాస్ ఇప్పుడు రావట్లేదమ్మా. వేరే గ్యాస్ పెట్టాలంటే కంప్రెసరే మార్చాలి" అన్నాడు. అయిదు నిమిషాల పొడుపుకి అన్ని వేలు! గ్యాస్ "రాకపోవడం" ఏమిటో కూడా నాకు అర్థం కాలేదు. తీరిక దొరికినప్పుడల్లా చదివితే ఇన్నాళ్ళకి తెలిసింది, దాని వెనక నూటయాభై ఏళ్ళ పైబడిన కథ ఉందని.

అసలు మొదట్లో గ్యాసూ లేదు, కంప్రెసరూ లేదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన మంచుని కోయించి, ఓడలో కలకత్తా పంపాడు. బయల్దేరింది సుమారు 180 టన్నులు. నాలుగు నెలల సముద్ర ప్రయాణం తర్వాత దాదాపు 100 టన్నులు మిగిలింది. కరగకుండా కాపాడింది చుట్టూ వేసిన పొట్టు. మన ఫ్రీజర్ గోడల మధ్య నురుగులాంటి పదార్థం చేసే పని, ఆనాడు ఆ పొట్టు చేసింది. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్ మెరీనా ఎదురుగా ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే.

తర్వాత మంచుని తయారుచేసే యంత్రాలొచ్చాయి. సూత్రం తేలికే. చేతి మీద స్పిరిట్ రాస్తే ఆరిపోతూ చల్లబరుస్తుంది కదా, అలాంటిదే. గ్యాస్‌ని కంప్రెసర్ అదిమి పెడుతుంది, బయటి గొట్టాల్లో అది వేడి వదిలి ద్రవమవుతుంది, లోపలి గొట్టాల్లో మళ్ళీ ఆవిరవుతూ అక్కడి వేడిని లాగేస్తుంది. చిక్కల్లా ఏ గ్యాస్ వాడాలన్నదే. మొదట్లో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ మూడూ విషాలే. 1926లో బెర్లిన్‌లో ఫ్రిజ్ గ్యాస్ లీకై ఒక కుటుంబం నిద్రలోనే చనిపోయిందని పేపర్లో చదివి ఐన్‌స్టీన్ కదిలిపోయాడట. లియో సిలార్డ్‌తో కలిసి, లీకయ్యే సందే లేని ఫ్రిజ్ కనిపెట్టడానికి కూర్చున్నాడు. 1930లో అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది, బజారులోకి మాత్రం రాలేదు.

ఆ అవసరమూ లేకుండా పోయింది. అదే 1930లో థామస్ మిడ్జ్‌లీ ఒక సభలో కొత్త గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. విషమూ కాదు, మంటా అంటుకోదు. అదే ఫ్రియాన్-12, మెకానిక్కుల భాషలో ఆర్-12. మా మామయ్యగారు కొన్న ఫ్రీజర్‌లో ఉన్నదీ అదే.

ఇంట్లో మనుషులకి భయం పోయింది కానీ అది ఆకాశాన్ని తినేస్తోందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరకి చిల్లు పడిన సంగతి బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశమూ చేరింది. ఆర్-12 లాంటి వాటి వాడకం ఇక్కడ 2010కల్లా ఆగిపోయింది. నేను అట్లకాడ పట్టుకున్నది 2011లో!

దాని బదులు వచ్చిన ఆర్-134ఏ పాత కంప్రెసర్‌లోని నూనెతో కలవదు. అందుకే నూనె, ఫిల్టర్, కంప్రెసర్ అన్నీ మార్చాల్సి వచ్చింది. అది ఓజోన్ జోలికి పోదు, కానీ బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకి పైగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి 2016లో కిగాలీలో దాన్నీ తగ్గించుకోవాలని దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పటి కొత్త ఫ్రీజర్లలో చాలావాటికి ఆర్-290, అంటే ప్రొపేన్. మన వంట గ్యాస్‌లో ఉండేదే. అంటుకునే గుణం ఉంది కాబట్టి దానికి నిప్పురవ్వ బయటికి రాని రకం రిలేనే వేయాలి. ఏదో ఒకటి చవగ్గా దొరికిందని తగిలించకూడదు.

ఇంతలో మా మెకానిక్ బాబాయ్ వచ్చాడు. రిలే కాలిపోయింది, పది నిమిషాల్లో మార్చేశాడు. "ఇది కాలడానికి కారణం వేరే ఉందమ్మా" అని మూత అంచు చూపించాడు. రబ్బరు ఒక మూల చిరిగింది. అందులోంచి తడిగాలి లోపలికి, గాలి మంచుగా, మంచు వల్ల కంప్రెసర్‌కి విశ్రాంతి లేకుండా, చివరికి రిలే మీదికి.

ఆ రబ్బరుకీ ఒక కథ ఉంది, తల్లులు వినాల్సినది. ఒకప్పుడు ఫ్రిజ్ తలుపులకి బయట గొళ్ళెం ఉండేది. దాగుడుమూతలాడుతూ పారేసిన ఫ్రిజ్‌లలో దూరిన పిల్లలు బయటికి రాలేక ఊపిరాడక చనిపోయేవారు. లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలని అమెరికా 1956లో చట్టం చేసింది. అయస్కాంతం ఉన్న రబ్బరు ఇంటింటికీ వచ్చింది ఆ తర్వాతే. మా పెట్టెకి తాళం కూడా ఉంది. ఎప్పటికైనా దీన్ని పారేస్తే ముందు మూత ఊడదీయాలని మా వారికి ఇప్పుడే చెప్పి పెట్టాను.

ఇంత పాత మోడల్ రబ్బరు రెడీమేడ్‌గా ఎక్కడ దొరుకుతుంది? బాబాయ్ చెప్పినట్టు పాతదాంట్లోంచి జానెడు ముక్క కోసి, నాలుగు వైపులా కొలతలు రాసి విజయవాడ పంపాం. అక్కడ అదే రకం పట్టీ తీసి, కొలతకి కోసి, మూలలు అతికించి ఇచ్చారు. మడతలు పడి ఉంటే వేడినీళ్ళ గుడ్డతో అద్దాను, సాఫీ అయింది. మూతలో పదిరూపాయల నోటు పెట్టి లాగి చూశాం. బిగుతుగా వచ్చింది.

"దీని కంప్రెసర్ మళ్ళీ పోతే ఇక డబ్బు పెట్టొద్దమ్మా" అని చెప్పి వెళ్ళాడు బాబాయ్. అత్తయ్యగారు ఏమీ అనలేదు, చీర చెంగుతో మూత తుడిచారు.

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను. తేదీ వేసి, రిలే, రబ్బరు కొలతలు, లోపలున్నది ఆర్-134ఏ అని రాశాను. మంచు పావు అంగుళం దాటకుండా స్విచ్ కట్టేసి కరిగించాలి, నెలకోసారి వెనక జాలీ దుమ్ము దులపాలి అని కూడా. తర్వాత 2011 పేజీకి వెళ్ళాను. కొత్త కోడలి పేరు పుస్తకంలో ఎక్కకూడదని మామయ్యగారు వదిలేసిన చోట, "అట్లకాడతో పొడిచింది నేను" అని రాసి సంతకం పెట్టాను.