రియాక్టరు పక్కన న్యూట్రినో: ఒక వాక్యానికి టీక

“పరిశోధక రియాక్టరుకు పదమూడు మీటర్ల దూరంలో, టన్ను డిటెక్టరుతో ప్రతిన్యూట్రినోలను పట్టవచ్చు.” ముంబయి ట్రాంబేలో ధ్రువ రియాక్టరు దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) చేపట్టిన ఇస్మ్రాన్ ప్రయోగాన్ని కుదిస్తే ఈ ఒక్క వాక్యం.

పరిశోధక రియాక్టరు: శ్రీకాకుళంలో రియాక్టరు అనగానే రణస్థలం మండలం కొవ్వాడ గుర్తొస్తుంది. అక్కడ ప్రతిపాదించినవి కరెంటు కోసం, ఒక్కోటి 1208 మెగావాట్లు, మొత్తం ఆరు. ధ్రువ నుంచి కరెంటు తీయరు. దాని ఉష్ణసామర్థ్యం 100 మెగావాట్లే. పెద్దదాని నుంచి న్యూట్రినోలు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ పరికరాన్ని కోర్‌కు ఇంత దగ్గరగా పెట్టనిచ్చేది సాధారణంగా చిన్నదే.

ప్రతిన్యూట్రినోలు: యురేనియం పరమాణువు ఒకటి చీలితే, ఆ ముక్కల బీటా క్షయంలో సుమారు ఆరు పుడతాయి. ధ్రువ పూర్తి సామర్థ్యంతో నడిస్తే పదమూడు మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు దాదాపు లక్ష కోట్లు దూసుకుపోతాయి.

టన్ను డిటెక్టరు: తొంభై ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే) కడ్డీలు, వాటి చుట్టూ గాడోలినియం పూసిన రేకులు.

పట్టవచ్చు: చిక్కంతా ఈ మాటలోనే ఉంది. లక్ష కోట్లలో దాదాపు అన్నీ తగలకుండానే పోతాయి. ఎప్పుడో ఒకటి ప్రోటాన్‌ను తాకితే పాజిట్రాన్, న్యూట్రాన్ పుడతాయి. అందుకు కనీసం 1.8 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి కావాలి. పాజిట్రాన్ వెంటనే మెరుస్తుంది. న్యూట్రాన్‌ను గాడోలినియం మింగినప్పుడు, కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆలస్యంగా, రెండో మెరుపు. 1956లో రైన్స్, కోవన్ సవానా రివర్ దగ్గర న్యూట్రినోను రుజువు చేసింది ఈ జంట మెరుపులతోనే. దగ్గరగా ఉండడంలో నష్టమూ ఉంది. రియాక్టరు గామా కిరణాలు, న్యూట్రాన్లు, పైనుంచి కాస్మిక్ కిరణాలు దొంగ జంటలను సృష్టిస్తాయి. కోలార్ గనుల్లో 1965లో వాతావరణ న్యూట్రినోలను వెదికినవారికి పైన కిలోమీటర్ల మందాన రాయి అడ్డుంది. ఇక్కడ సీసం, బోరాన్ కలిపిన పాలిథిన్ కవచాలే దిక్కు. మిగిలిన దొంగ లెక్కను రియాక్టరు ఆగినప్పుడు కొలిచి తీసేయాలి. తరచూ ఆగడం కరెంటు రియాక్టరుకు నష్టం, ఈ ప్రయోగానికి వరం.

ఇలాంటి ప్రయోగానికి మన దగ్గరా అవకాశం ఉంది: విశాఖ దగ్గరి అచ్యుతాపురం బార్క్ ప్రాంగణానికి పరిశోధక రియాక్టరు ప్రణాళిక ఉంది. కోర్ పక్కన డిటెక్టరుకు చోటు రూపకల్పన దశలోనే అడగాలి. కాంక్రీటు పోశాక అడిగి లాభం లేదు. ఎచ్చెర్ల, విజయనగరం విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాలు ఆ అడిగేవారిలో ఉండాలి.