ఆవిరికి వెల కట్టడం: పారిశ్రామిక వేడి, ప్రభుత్వ ధనం

మందుల ముడిసరుకు తయారుచేసే మధ్యతరహా ఫ్యాక్టరీలో బాయిలర్ చదరపు సెంటీమీటరుకు పది కిలోల పీడనం దగ్గర ఆవిరి పుట్టిస్తుంది. దాని వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూ. రియాక్టర్ జాకెట్‌లోకి పంపే ముందు వాల్వు తిప్పి పీడనాన్ని మూడు కిలోలకు దించుతారు. డ్రయ్యర్‌కు కావలసింది 80 డిగ్రీల వేడినీళ్లే అయినా, ఆ నీళ్లు కాచేదీ అదే ఆవిరితో. పక్క షెడ్డులో చిల్లర్లు రాత్రింబవళ్లు నడుస్తూ, రియాక్షన్లలో పుట్టిన వేడిని లాగి కూలింగ్ టవర్ మీదుగా గాలిలో కలుపుతుంటాయి. ఒక షెడ్డులో బొగ్గు కాల్చి వేడి పుట్టించడం, ఇంకో షెడ్డులో కరెంటు ఖర్చుపెట్టి వేడిని పారబోయడం. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల ఈ పరిశ్రమ గుంపులుగా ఉంది కనుక, పారిశ్రామిక వేడి మన రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత సమస్యే.

అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచ పరిశ్రమలు వాడే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు వేడి రూపంలోనే ఖర్చవుతోంది. అందులో దాదాపు సగం 400 డిగ్రీల లోపుది. ఉక్కు, సిమెంటు కొలుముల మీద చర్చ చాలా జరిగింది. పాల డైరీ, అద్దకం, మందులు, కాగితం, ఆహార తయారీ వాడే ఈ తక్కువ వేడి మీద ప్రభుత్వ ధనం ఎలా ఖర్చుపెట్టాలన్న చర్చ మాత్రం పలచగానే ఉంది. నా వాదన ఒక్కటే: పరికరం కొనడానికి ఇచ్చే రాయితీ కొంత మేరకే పనిచేస్తుంది. ఆ హద్దు ఎక్కడుందో ఉష్ణోగ్రతే చెబుతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. కిలోకు 4,000 కిలోకేలరీల వేడినిచ్చే బొగ్గు ఏడు రూపాయలకు దొరుకుతోందని, బాయిలర్ సామర్థ్యం 75 శాతమని అనుకుందాం. అప్పుడు ఆవిరిలోకి చేరే ఒక్కో యూనిట్ వేడికి రెండు రూపాయలు పడుతుంది. కరెంటు యూనిట్ ఏడున్నర అనుకుంటే, విద్యుత్ బాయిలర్‌తో అదే వేడికి ఏడున్నర పైనే అవుతుంది. హీట్ పంపు కథ వేరు. చిల్లర్ పారబోసే వేడిని అందుకుని 80 డిగ్రీల నీళ్లు కాచేటప్పుడు, ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. ఖర్చు రెండున్నర, లేదా అంతకంటే తక్కువ. ఊడిపోయిన లాగింగ్, కారుతున్న స్టీమ్ ట్రాపులు, కాలవలోకి వదిలేసే కండెన్సేట్ వల్ల దారిలో పోయే ఆవిరిని కూడా కలిపితే బొగ్గు రెండు రూపాయల దగ్గర ఆగదు. కనుక 90 డిగ్రీల లోపు పనులకు నడిపే ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. అప్పు దొరక్కపోవడం, ప్లాంటు ఆగిపోతుందేమోనన్న భయం, చూసి నమ్మదగ్గ ఫ్యాక్టరీ దగ్గర్లో లేకపోవడం అడ్డంకులు. 150 డిగ్రీల ఆవిరి కావాలంటే హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుకు సుమారు రెండు యూనిట్ల వేడే ఇస్తుంది. ఖర్చు మూడు ముప్పావు. ఇక్కడ వడ్డీ ఎంత తగ్గించినా యూనిట్ యూనిట్‌కూ నష్టం తప్పదు.

కర్బన లెక్క మరింత పదునైనది. మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంది. పైన చెప్పిన బొగ్గు ఆవిరి యూనిట్ వెనక ఉన్నది అర కిలో లోపే. అంటే గ్రిడ్ కరెంటుతో ఇరవైనాలుగు గంటలూ నడిచే విద్యుత్ బాయిలర్‌కు రాయితీ ఇస్తే ఉద్గారాలు పెరుగుతాయి. నెదర్లాండ్స్ ఈ సంగతి గుర్తించింది. 2020లో అక్కడి ఎస్‌డీఈ++ రాయితీ పథకం పరిధిని పారిశ్రామిక వేడికీ విస్తరించినప్పుడు, విద్యుత్ బాయిలర్లకు ఏడాదికి పరిమిత గంటలకే చెల్లింపు లెక్కగట్టింది, గ్రిడ్ శుభ్రంగా ఉండే గంటలు అన్నేనన్న అంచనాతో. మనకైతే ఆ గంటలు పగటి ఎండలో ఉన్నాయి. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్నాయి. పగలు ఇటుకల్లో వేడి నింపుకుని రాత్రి ఆవిరి ఇచ్చే నిల్వ పరికరాలకు ఇదే తొలి ఆధారం.

వేడికి ప్రభుత్వ సాయం మనకు కొత్త కాదు. 2002లో తిరుమల అన్నప్రసాదం వంటశాలకు 106 పారాబొలిక్ అద్దాలతో సౌర ఆవిరి వ్యవస్థ ఏర్పాటైంది. రోజుకు నాలుగు వేల కిలోల ఆవిరి, 180 డిగ్రీల వేడి, పదిహేను వేల మందికి రెండు పూటలా వంట. మబ్బు రోజులకు డీజిల్ బాయిలర్ తోడు. తర్వాతి ఏళ్లలో కేంద్రం ఇలాంటి సౌర వేడి వ్యవస్థలకు అద్దాల విస్తీర్ణాన్ని బట్టి, చదరపు మీటరుకు ఇంత అని రాయితీ ఇచ్చింది. లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. దుమ్ము పట్టిన అద్దానికీ, రోజూ తుడిచిన అద్దానికీ ఒకటే డబ్బు. పవన విద్యుత్తులో ఈ పాఠం ముందే చదివాం. గాలిమరల ధరలో 80 శాతాన్ని తొలి ఏడాదే తరుగుదలగా చూపనిచ్చిన రోజుల్లో పెట్టుబడిదారు చూపు పన్ను ఆదా మీద ఉండేది. 2009లో ఉత్పత్తి చేసిన యూనిట్‌కు 50 పైసల ప్రోత్సాహకం వచ్చాక చూపు మీటరు మీదకు మళ్లింది. సౌర విద్యుత్తుకైతే దీర్ఘకాల కొనుగోలు ఒప్పందాలే పునాది: 2010 తొలి వేలంలో సగటున 12 రూపాయలు దాటిన యూనిట్ ధర 2017లో భడ్లాలో 2.44కు దిగింది. ప్రపంచమంతటా పలకల ధర పడిపోవడమూ కారణమే. అయినా ఒకే సూర్యుడి కింద, యూనిట్లను లెక్కగట్టిన కరెంటు పెరిగింది. అద్దాలను లెక్కగట్టిన ఆవిరి మూలన పడింది.

జర్మనీ 2024లో తెచ్చిన వాతావరణ రక్షణ ఒప్పందాలు ఖర్చుల వ్యత్యాసాన్ని 15 ఏళ్లపాటు చెల్లించే ఏర్పాటు. శుభ్రమైన ఉత్పత్తికి అయ్యే అదనపు ఖర్చును ప్రభుత్వం భరిస్తుంది. ఆ పద్ధతే చవకైన నాడు కంపెనీ తిరిగి కడుతుంది. తొలి వేలంలో 15 కంపెనీలకు గరిష్ఠంగా 280 కోట్ల యూరోలు ఖరారయ్యాయి. అందులోంచే లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్ఎఫ్ ప్లాంటుకు 31 కోట్ల యూరోల వరకూ మద్దతు: స్టీమ్ క్రాకర్ వ్యర్థ వేడి నుంచి హీట్ పంపు ఏటా ఐదు లక్షల టన్నుల వరకూ ఆవిరి తీస్తుంది. ఇందులో నాకు నచ్చనిది తొలి వేలంలో పెట్టిన, ఏడాదికి పది వేల టన్నుల ఉద్గారాలన్న గడప. చిన్న ఫ్యాక్టరీ ఒంటరిగా ఆ గడప దాటలేదు.

అమెరికా అనుభవం ఇంకో హెచ్చరిక. 2024 మార్చిలో 33 పారిశ్రామిక ప్రాజెక్టులకు 600 కోట్ల డాలర్లు ప్రకటించారు. క్రాఫ్ట్ హైంజ్ పది ఫ్యాక్టరీలలో హీట్ పంపులు, విద్యుత్ వేడి పరికరాలు పెట్టడానికి 17 కోట్ల డాలర్ల వరకూ ఇందులోదే. 2025 మే చివర ఇంధన శాఖ 24 ప్రాజెక్టుల గ్రాంట్లు, మొత్తం 370 కోట్ల డాలర్లు, రద్దు చేసింది. క్రాఫ్ట్ హైంజ్ వంతూ అందులో పోయింది. బాయిలర్ పాతికేళ్లు నడుస్తుంది. మాట పద్నాలుగు నెలలకే చెరిగిపోతే దాన్ని నమ్మి బాయిలర్‌ను ఎవరు మారుస్తారు?

ఇక మన అడిటీ పథకం. 2025 జులైలో కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ ద్వారా మొదలైంది, కేటాయింపు 1,000 కోట్ల రూపాయలు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అప్పు వడ్డీలో 5 శాతం, మధ్యతరహాకు 3 శాతం రాయితీ. కనీసం 10 శాతం శక్తి ఆదా చూపాలి. ఆడిట్ ఖర్చు, ప్రాజెక్టు నివేదిక, ఆదా తనిఖీ కూడా ఇందులో ఉన్నాయి. 90 డిగ్రీల లోపు పనులకు ఇది సరిగ్గా అతుకుతుంది. ఆ మేరకు దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఆ పైన ఉష్ణోగ్రతలకు, కొత్త బొగ్గు బాయిలర్‌తోనో మెరుగైన బర్నర్‌తోనో 10 శాతం ఆదా సులువుగా వచ్చేస్తుంటే, రాయితీ తీసుకున్న అప్పు బొగ్గునే మరో పాతికేళ్లు పాతుకునేలా చేయగలదు.

అందుకని 90 నుంచి 160 డిగ్రీల వేడికి విడిగా వేలం ఉండాలి. క్లస్టర్‌లోని చిన్న యూనిట్ల అవసరాన్ని ఒకే మూటగా కట్టి, ఆవిరి సరఫరాదారులను పోటీకి పిలవాలి. చెల్లింపు ఫ్లో మీటరు చూపిన టన్ను ఆవిరికే. బొగ్గు ధర పెరిగితే ప్రభుత్వ వాటా దానంతటదే తగ్గేలా సూత్రం రాయాలి. డబ్బు ఏటి బడ్జెట్ దయ మీద ఆధారపడకుండా, ఒప్పంద కాలానికి సరిపడా నిధిని ముందే విడిగా ఉంచాలి. ఊకతో నడిచే ఉప్పుడు బియ్యం మిల్లులను ఈ వేలంలోకి తేనక్కర్లేదు. వాటి ఇంధనం నిరుడు పొలంలో పెరిగిందే. హీట్ పంపు అక్కడ ఆదా చేసే కర్బనం ఏమంత ఉండదు. తొలి విడత పగలంతా, రాత్రంతా ఒకే తీరున ఆవిరి వాడే మందుల, పాల యూనిట్లకు పోవాలి. మీటరు బిగించాక మొదటి ఆరు నెలలు పాత బాయిలర్ ఆవిరినే కొలిచి ఉంచాలి, ఆదాకు ఆధారరేఖ కావాలి కనుక.