పాకుడు కింద కరిగే ఉక్కు

వేసవిలో కాలువకు నీళ్లు కట్టేస్తే కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు తూముల దగ్గర ఇనుప షట్టర్లు బయటపడతాయి. నీళ్లలో ఏళ్లపాటు నానిన ఉక్కు మీద పాకుడు అట్టకడుతుంది, నడుమ నారింజ రంగు బొబ్బలు లేస్తాయి. అలాంటి బొబ్బను చాకుమొనతో పెకలిస్తే లోపల నల్లటి మెత్తటి పూత, కుళ్లిన కోడిగుడ్డు వాసన. దాన్నీ తుడిస్తే గుంట. చుట్టూ రేకు గట్టిగానే ఉంటుంది, గుంట అడుగు మాత్రం పలచబడి ఉంటుంది. నీరూ గాలీ కలిస్తేనే తుప్పు అనుకునే మనకు, గాలి చొరని చోట ఉక్కు ఇంతగా కరిగిపోవడం వింతే.

ఈ చిక్కుముడి విడడానికి చాలా కాలం పట్టింది. ఇనుమును వాడుకుని బతికే గాలియొనెల్లా అనే బ్యాక్టీరియాను జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ 1830ల్లోనే వర్ణించాడు. సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియాను 1895లో డెల్ఫ్ట్‌లో బైజరింక్ పట్టుకున్నాడు. నేలలో పాతిన గొట్టాల తుప్పులో బ్యాక్టీరియా చెయ్యి ఉందని 1910లో అమెరికాలో గెయిన్స్ అన్నాడు. అసలు మలుపు 1934లో వచ్చింది. హాలండ్‌లో గాలాడని బురదనేలల్లోని పోత ఇనుప గొట్టాలు చూపుకు చెక్కుచెదరకుండా ఉండేవి, కత్తి పెడితే మాత్రం తెగేవి. ఇనుము పోయి గ్రాఫైటు మిగిలేది. సల్ఫేటు బ్యాక్టీరియా ఇనుము మీది హైడ్రోజన్‌ను లాగేసుకోవడం వల్లే ఇలా జరుగుతోందని వాన్ వోల్జోగెన్ క్యూర్, వాన్ డెర్ వ్లుగ్ట్ చెప్పారు. ఆ వివరణలో లోపాలు తర్వాత బయటపడినా, తుప్పుకు ప్రాణి కూడా కారణం కావచ్చని నిలబెట్టింది వాళ్లే.

అప్పటికి చూపంతా విడి బ్యాక్టీరియా మీదే. అవి గుంపుకట్టి బంక కారుస్తూ కాపురం పెట్టే పొర, అంటే బయోఫిల్మ్, శాస్త్రజ్ఞుల దృష్టికి ఆలస్యంగా వచ్చింది. సముద్రంలో ముంచిన ఏ తలం మీదైనా ముందు చేరేది బ్యాక్టీరియా పొరేనని 1930ల్లో జోబెల్ చూపాడు. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి బృందం విశాఖ రేవులో తలాలకు అంటుకునే జీవులను పరిశీలించింది. 1978లో కాస్టర్‌టన్ వ్యాసంతో ఈ పొర మీద చర్చ విస్తరించింది. పొర పైభాగంలోని బ్యాక్టీరియా ఆక్సిజన్ తాగేస్తాయి, అడుగున గాలి అక్కర్లేనివి స్థిరపడతాయి. గాలి అందే చోటుకూ అందని చోటుకూ తేడా వచ్చి, అందని చోటే ఉక్కు కరుగుతుంది. కొన్ని బ్యాక్టీరియా హైడ్రోజన్ కోసం ఆగకుండా ఇనుము నుంచే ఎలక్ట్రాన్లు లాక్కుంటాయని 2004లో బ్రెమెన్‌లోని విడ్డెల్ బృందం నేచర్ పత్రికలో ప్రకటించింది. అయితే ప్రతి పొరా చెడ్డదేం కాదు, కొన్ని ఉక్కును కాపాడతాయి కూడా.

మన నల్లరేగడికి ఇది నేరుగా సంబంధించిన సంగతి. నీరు నిలిచి గాలాడని రేగడిలో సల్ఫేటు కూడా తోడైతే, పాతిన గొట్టానికి తుప్పు పట్టకుండా ఇచ్చే మామూలు విద్యుత్ రక్షణ చాలదు. గొట్టం పొటెన్షియల్‌ను మైనస్ 850 మిల్లీవోల్టుల బదులు మైనస్ 950 దాకా తీసుకెళ్లాలని ఇంజనీర్ల నియమం. బ్యాక్టీరియాను చంపడానికి వేసే క్లోరిన్ కూడా బంక లోపలికి అంతంతమాత్రంగానే దిగుతుంది, అందుకే ముందు గీకి శుభ్రం చేయాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ నేరాన్ని బ్యాక్టీరియా మీదికి నెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ మన పంటకాలువ తలుపులన్నీ నీళ్లలో నానే ఉక్కే. వాటికి కొత్త రంగు పూసే ముందు పాకుడు గీకించి, కింద గుంటల లోతు కొలిపించాలని నా గట్టి పట్టు.