గొట్టం మీద తుప్పు, కొయ్య మీద నూనె

పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి నగరం వైపు వస్తే హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటాక మూసారాంబాగ్ వస్తుంది. చదువు కోసం, కూలి కోసం వచ్చిన మన పిల్లలు రోజూ ఆ దారిలో తిరుగుతుంటారు. ఆ పేరు ఎక్కడిదని అడిగితే ఎవరో రాముడి పేరని అంటారు. నిజానికి అది ఒక ఫ్రెంచి సేనాని పేరు. నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన మాన్స్యూర్ రేమాన్‌ను జనం మూసా రాం అన్నారు. 1798లో చనిపోయిన ఆయన సమాధి అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. ఆయన ఫిరంగులు పోయించిన చోటు గన్‌ఫౌండ్రీ అనే పేరుతో నగరం నడిబొడ్డున మిగిలింది.

ఆయుధం చేయించినవాడికి సమాధి ఉంది, బస్టాపు ఉంది, పేట ఉంది. ఆ కాలపు సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోసిన లంబాడీలకు రాతి స్తంభం లేదు. ఇనుము కాల్చి సాగగొట్టిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. ఆ చేతుల గురించే ఈ వ్యాసం.

రేమాన్ కాలపు తుపాకులు దాదాపు అన్నీ మూతి నుంచి మందు దట్టించేవే. గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. మన ఏజెన్సీల్లో నాటు తుపాకి అన్నా, బస్తర్ వైపు భర్మార్ అన్నా ఇదే. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటేనే రైఫిల్ అంటారు. నాటు తుపాకుల్లో ఎక్కువ వాటికి లోపల నున్నగా ఉంటుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. అక్కడికి వెళ్లిన పిల్లలు తుపాకి ఎంత పొడవుందో చూస్తారు, ఎంతమందిని చంపిందో అడుగుతారు. మేము చూడమనేది వేరు. ఇనుము మీది రంగు చూడండి. చెయ్యి ఆనే చోట కొయ్య ఎలా అరిగిందో చూడండి. తుపాకి ఎవరి దగ్గర ఎలా బతికిందో అక్కడ తెలుస్తుంది.

ఇనుముకు శత్రువు తుప్పు. పాత నల్లమందు కాలాక గొట్టంలో మిగిలే మసి గాలిలోని చెమ్మను లాగుతుంది. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే వానాకాలంలో కొద్ది రోజులకే గొట్టం పాడవుతుంది. అందుకని పనివాళ్లు తుప్పునే కాపలాకు పెట్టారు. ఆమ్లపు రసం పూసి సన్నని తుప్పు పట్టనిచ్చేవాళ్లు. దాన్ని రుద్ది, మళ్లీ పట్టనిచ్చి, చివరికి కడిగి నూనె పట్టించేవాళ్లు. అప్పుడు గొట్టానికి గోధుమరంగు వచ్చేది. ఆ పొర కింది ఇనుమును కొంత కాపాడేది, ఎండకు మెరవకుండా చేసేది. యూరప్‌లో పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఇది పెద్ద విద్య. మన తెలంగాణలో కోనసముద్రం ఉక్కుకు పేరు తెచ్చింది కూడా సగం ఇలాంటి పనే. ఆ రకం ఉక్కును నునుపు చేసి ఆమ్లం పట్టిస్తేనే కత్తి మీద అలలు కనబడతాయి. దాని కోసం పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చారు.

కొయ్యకు శత్రువులు చెమ్మ, పురుగు. యూరప్‌లో అక్రోటు కొయ్యకు అవిసె నూనెను అరచేత్తో రోజుల తరబడి రుద్దేవాళ్లు. మనకు ఇది కొత్త సంగతేం కాదు. గొడ్డలి కామకు నూనె రాయడం, వెదురును పొయ్యి మీద పొగకు పెట్టడం ఏ ఇంట్లోనైనా అవ్వను అడిగితే చెబుతుంది.

తుపాకికి ఇనుము పని, కొయ్య పని రెండూ కావాలి. షెడ్యూల్డ్ తెగల జాబితాలో కమ్మర అనే పేరు ఉంది. ఏజెన్సీలో కొండ కమ్మరులంటారు. కొలిమి పని, వడ్రంగం రెండూ వాళ్ల కులవృత్తులు. నాగలి, కర్రు, గొడ్డలి, బాణపు ములుకు వాళ్ల చేతుల్లోంచి వస్తేనే చుట్టుపక్కల తెగలకు సేద్యం, వేట సాగేవి. మనం పోరాటం గురించి రాసేటప్పుడు దొరల పేర్లు, ముఠాదార్ల పేర్లు రాస్తాం. కొలిమి దగ్గర కూర్చున్నవాళ్ల పేర్లు రాయం. తప్పు బయటివాళ్లదే కాదు, మనది కూడా.

ఇక చట్టం సంగతి. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేనివాడి చేతిలో తుపాకి నేరమైంది. మరుసటి ఏడాదే కల్లు పన్ను మీద, అటవీ ఆంక్షల మీద రంపలో ఫితూరీ లేచింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుంచి 26 తుపాకులు పట్టుకుపోయింది. కొండ మీద విల్లు, బాణం ఉండగా ఠాణా మీదికి ఎందుకు వెళ్లారు? మంచి తుపాకి ఠాణాలోనే ఉంది కాబట్టి.

స్వతంత్రం వచ్చాక 1959 చట్టం వచ్చింది. పంట కాపలాకు మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. అడవి పందుల నుంచి చేను కాపాడుకునే రైతు అవసరం చట్టానికీ తెలుసన్నమాట. కర్ణాటకలోని కొడగులో కొడవలకు, జమ్మా భూముల వాళ్లకు కొన్ని రకాల తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిష్ కాలం నాటి ఆ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. వాళ్లు కైల్‌పోళ్దు పండుగనాడు తుపాకికి పూలు పెట్టి మొక్కుతారు. అక్కడ తుపాకి సంప్రదాయమైంది. ఇక్కడ మన గూడెంలో దొరికితే కేసు. తుపాకి ఒకటే, పట్టుకున్న మనిషిని బట్టి దాని పేరు మారింది. తుపాకులు కావాలని మేము అడగడం లేదు. ఈ తేడా ఎలా వచ్చిందో తరగతి గదిలో చర్చ జరగాలని అడుగుతున్నాం.

యువకులకు ఒక మాట. లైసెన్సు లేకుండా తుపాకి చేయడం, దాచడం నేరం. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవిలో వేట కూడా నేరమే. పాత పనితనం మీద ప్రేమ ఉంటే కొలిమి నేర్చుకోండి, వడ్రంగం నేర్చుకోండి. కత్తికి, కామకు ఆ నునుపు తెండి.

టీచర్లకు ఒక మాట. పిల్లల చేత తాతలను అడిగించండి. మీ చిన్నప్పుడు ఇనుము ఎవరు సాగగొట్టేవారు? కామకు ఏ చెట్టు కొయ్య వాడేవారు, ఏ నూనె రాసేవారు? పనికి కూలిగా ఎన్ని కుంచాల గింజలు కొలిచేవారు? పనివాడి పేరేమిటి? చెప్పింది చెప్పినట్టు, తాత భాషలోనే రాయించండి. కానీ ఇప్పుడు ఎవరింట్లో ఏముందో మాత్రం అడగొద్దు, రాయించొద్దు. పిల్లవాడి నోట్‌బుక్కు రేపు ఎవరి మీదా కేసు కాకూడదు.

మూసారాంబాగ్ స్టాపులో దిగినప్పుడల్లా మాకు ఒకటే అనిపిస్తుంది. ఎక్కడినుంచో వచ్చిన సేనాని పేరును జనం తమ నోటికి తగ్గట్టు మార్చుకుని, రెండు వందల ఏళ్లు దాటినా నిలబెట్టుకున్నారు. మన కమ్మరి తాత పేరు నిలబెట్టడానికి మనకు కావలసింది ఒక నోట్‌బుక్కు, తాత ముందు కూర్చునే ఒక సాయంత్రం.