నోరు కట్టుకుంటే సరిపోదు

2025 ఫిబ్రవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ ఊబకాయాన్ని ప్రస్తావించి, వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలని కోరారు. సలహా మంచిదే. అయితే బరువు సమస్యను నోరు కట్టుకోవడంతో ముడిపెట్టే మన పాత అలవాటే అందులోనూ వినిపిస్తుంది. ఆకలి కేవలం మనోబలానికి లొంగేది కాదని శాస్త్రం మూడు దశాబ్దాలుగా చెబుతూనే ఉంది.

1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుగొంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిపే హార్మోను అది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా గ్రెలిన్‌ను గుర్తించారు. జీర్ణాశయం నుంచి వెలువడి, భోజనవేళకు ముందు పెరిగి ఆకలి పుట్టించేది ఇదే. బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. తగ్గిన బరువును శరీరం కరవుగానే లెక్కిస్తుంది. ఆహార నియమంతో సన్నబడిన వారిలో ఏడాది గడిచినా ఈ హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూపారు.

ఆకలిని అణచేందుకు వచ్చిన పాత మందుల చరిత్ర చేదైనది. గుండె కవాటాలను దెబ్బతీసిన ఫెన్‌ఫ్లురమిన్ 1997లో అమెరికా మార్కెట్ నుంచి వైదొలగింది. యూరప్ 2006లో అనుమతించిన రిమోనబాంట్‌ను మానసిక దుష్ప్రభావాల కారణంగా 2008లో నిలిపివేశారు. గుండెకు ముప్పు తెచ్చే సిబుట్రమిన్‌ను మన ప్రభుత్వం 2011లో నిషేధించింది.

సెమాగ్లుటైడ్ దారి వేరు. తిన్న తర్వాత పేగులు విడుదల చేసే జీఎల్‌పీ-1 హార్మోనుకు ఇది అనుకరణ. సహజ హార్మోను నిమిషాల్లో విచ్ఛిన్నమవుతుంది. మందు రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలు. ఇది గ్రెలిన్‌ను నిర్మూలించదు. మెదడుకు అందే తృప్తి సంకేతాన్ని బలపరుస్తుంది. 68 వారాల ప్రయోగంలో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. మందు మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అణిగి ఉన్న ఆకలి మళ్లీ లేచింది.

అసలు రాజకీయ ప్రశ్న ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి కొనసాగించవలసిన మందును ఎవరు భరించగలరు? భారత్‌లో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చి వరకే. హైదరాబాదు సహా మన ఔషధ పరిశ్రమకు జెనరిక్‌ల తయారీ కొత్త కాదు. ధర దిగుతుంది. కానీ ధర దిగినంత మాత్రాన వైద్య పర్యవేక్షణ సమకూరదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన మహిళల్లో 24 శాతం మంది అధిక బరువుతో, దాదాపు 19 శాతం మంది తక్కువ బరువుతో ఉన్నారు. ఆకలి తీరని వారికీ, ఆకలి అణగని వారికీ ఒకే ప్రభుత్వం జవాబుదారీ. హితబోధతో ఆ బాధ్యత తీరదు.